దారం కట్టిన కాయలు

దర్జీ పని చేసే ఆ ఇల్లాలికి వారంలో దొరికేది ఒక్క ఆదివారం. ఆ ఒక్క రోజూ పెరట్లో మామగారితో వాదనకే సరిపోయేది.

ఎండ పలచబడింది. పొద్దున్నే ఆకుల మీద మంచు పడుతోంది. దోసపాదు ఎండిపోయి కంచె మీద చిరిగిన గోనెలా వేలాడుతోంది. టమాటాలు కాశాయిగానీ ఎర్రబడే ఓపిక వాటికి లేదు. చిక్కుడు పందిరి నిండా పసుప్పచ్చని ఆకులే. అదంతా పీకేసి, చలి ముదరకముందే వెల్లుల్లి నాటాలని ఆవిడ తాపత్రయం.

"ఇంకో వారం చూద్దాం అమ్మాయ్," అనేవారు మామగారు. ముప్పై ఏళ్లు కరెంటు స్తంభాలెక్కి రిటైరైన మనిషి. మాటల దగ్గర పిసినారి.

"పోయిన వారమూ అదే అన్నారు మామయ్యా."

"అప్పటికి కాయ ముదరలేదు."

"ఇప్పుడు మాత్రం ఏం ముదిరింది, నా తలనొప్పి తప్ప?"

ఆయన నవ్వేవారు కాదు, కదిలేవారూ కాదు. మూడు ఆదివారాలు ఇలాగే గడిచాయి. నాలుగో ఆదివారం ఆయన క్షవరానికి వెళ్లారు. గేటు చప్పుడు వినబడగానే ఆవిడ పెరట్లోకి దిగింది. గంట తిరిగేసరికి పెరడంతా బోడిగుండైంది. తీగలన్నీ గోడవార కుప్ప. ఆవిడ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

మామగారు తిరిగొచ్చారు. కుప్ప పక్కన గొంతుక్కూర్చుని తీగలు ఒక్కొక్కటే విడదీయసాగారు.

"ఏం వెతుకుతున్నారు?"

"దారం కట్టిన చిక్కుడుకాయలు."

"ఏ దారం?"

"విత్తనానికి మంచివి చూసి ఎర్రదారం కట్టాను. తీగ మీదే ఎండాలని ఆగమన్నాను."

ఆవిడకు ఒళ్లు మండింది. "ఆ ముక్క ఇన్నాళ్లూ నోట్లో నానబెట్టుకున్నారా? ఒక్కసారి చెబితే నేనే కాపలా కాసేదాన్నిగా."

"రోజంతా దారంతోనే కదమ్మా నీ పని. చూసే ఉంటావనుకున్నా."

ఆ మాటతో ఆవిడ చిరాకు రెట్టింపైంది. అయినా పక్కనే కూలబడి, ధూళికి తుమ్ముతూ తనూ వెతికింది. పన్నెండు కట్టారట. తొమ్మిది దొరికాయి. అందులో నాలుగు పచ్చివి.

"అయిదు చాల్లే," అన్నారాయన.

"మీకు చాలు. నాకు ఏడాదంతా మనసులో గుచ్చుకుంటుంది."

సాయంత్రం ఇద్దరూ వెల్లుల్లి నాటారు. ఆయన వరస పాము పాకినట్టుంది. గీత గీయకుండానే గుడ్డను సూటిగా కత్తిరించే మనిషికి అది చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. పీకి మళ్లీ నాటింది. చివరి రెబ్బ పూడ్చి నడుం ఎత్తేసరికి గాలి లేచి, పక్కింటి చెట్టు ఆకులన్నీ తెచ్చి మడి మీద కుమ్మరించింది. ఆవిడ విసురుగా చీపురందుకుంది.

"ఉండనీ అమ్మాయ్. చలికి దుప్పటిలా కాస్తాయి."

"నిజంగానా, నన్ను ఊరుకోబెట్టడానికా?"

"నిజమే."

ఆవిడ ఆయన్ని అనుమానంగా చూసి, చీపురు గోడకు ఆనించి, మట్టి చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి నడిచింది.