నాలుగు వేళ్ళ కొసరు

మురుంగపాక్కంలో ముకుందన్ బండిని కారు అనడం ఇరుగుపొరుగు మర్యాద. ఆఫీసు వేలంలో వదిలించుకున్న పాత అంబాసిడర్ అది. అన్నేళ్ళూ డ్రైవరుగా దాన్ని నడిపిన ముకుందనే రిటైరయ్యాక కొనుక్కొచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు. అక్క ఉన్నంతకాలం ఇంట్లో తెలుగు వినబడేది. ఆమె పోయాక ఆ ఇంట్లో టీవీ ఒక్కటే మాట్లాడుతుంది, అదీ తమిళంలో.

అతనితో తెలుగు మాట్లాడే మనిషి ఇక ఒక్కతే, రెండిళ్ళ అవతల పూలు కట్టి అమ్మే పట్టమ్మాళ్. రోజూ ఉదయం ఆమెను పెద్ద మార్కెట్టుకు తీసుకెళ్ళి, మల్లెమొగ్గల సంచితో సహా తిరిగి దింపడం అతని పని. పని అని పేరే గాని, రోజు మొత్తానికి అతనికి దక్కే మాటలు ఆ దారిలోనే దక్కేవి. ఇల్లు చేరాక కూడా ఆమె వెంటనే దిగదు. మొదలుపెట్టిన కబురు ముగిసేదాకా తలుపు పట్టుకుని కూర్చుంటుంది. ఇంజన్ ఆపేసి అతనూ కూర్చుంటాడు.

పట్టమ్మాళ్ చూపు మందగించింది. సేదరపేట్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసే మనవరాలు నందిత, పూల పని మానెయ్యమని పోరుతోంది. పట్టమ్మాళ్ వింటేగా. మూర చేతిలో ఉంటే కళ్ళతో పనేముంది అనేది. నిజమే, ఆమె మోచేతి కొలతను ఇంతవరకూ ఎవరూ వేలెత్తి చూపలేదు. మూర కొలిచాక నాలుగు వేళ్ళు కొసరు వేసి తుంచడం ఆ చేతికి ఎంత అలవాటంటే, వేస్తున్నట్టు ఆమెకే తెలియదు.

ఒకనాడు కడలూరు రోడ్డులో ఫ్యాన్ బెల్ట్ తెగింది. పట్టమ్మాళ్ ఎండలో నిలబడిపోయింది. ఆ సాయంత్రం నందిత ముకుందన్‌కు మర్యాదగానే చెప్పింది, ఇంకొక్కసారి బండి దారిలో ఆగితే అమ్మమ్మకు నెలవారీగా కాల్ టాక్సీ మాట్లాడేస్తానని. నందితకు తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిరగదు, అందుకని తమిళంలో చెప్పింది. ఏ భాషలో చెప్పినా ముకుందన్‌కు వినబడేది ఒకటే, ఆ దారిలో దక్కే మాటలు పోతాయని.

తెగిన బెల్టు సగం రోడ్డు పాలయింది. మిగిలిన ముక్క మీద నంబరు అరిగిపోయింది. పైగా ఆ కారుకు ఎప్పుడో వేరే బండి డైనమో బిగించారు, కారు పేరు చెప్పి తెచ్చుకునే బెల్టు దానికి పట్టదు. దారం చుట్టి కొలుచుకోవడం ఒక్కటే మార్గం. బండిని ఎలాగో ఇల్లు చేర్చి, పట్టమ్మాళ్ గుమ్మం ముందే బానెట్ ఎత్తాడు గాని, అతని లావు వేళ్ళు పుల్లీల సందులో దూరలేదు.

“ఏందిరా, చెయ్యి ఇరుక్కునిందా? జరుగు,” అంది పట్టమ్మాళ్. పూలు కట్టే నూలు తెచ్చి, తడుముకుంటూ మూడు పుల్లీల చుట్టూ తిప్పి, తుంచి అతని చేతిలో పెట్టింది. “ఇంద. సరిగ్గా ఉండాది. యాడికైనా తీస్కపో.”

టౌన్లో త్యాగరాజన్ విడిభాగాల అంగడికి తీసుకుపోయాడు. త్యాగరాజన్ దారాన్ని టేపు పక్కన పరిచి, ఆ పొడవు బెల్టు తీసిచ్చాడు. ఇంటికొచ్చి బిగిస్తే, డైనమోను చివరిదాకా లాగినా బెల్టు వదులుగానే ఉంది. కొత్త బెల్టు వాడేకొద్దీ సాగుతుందే గాని బిగుసుకోదని అంత పాత డ్రైవరుకు తెలియదా? తెలుసు. కాని పట్టమ్మాళ్ కొలత తప్పయి ఉంటుందని అతని బుర్రకు తట్టలేదు.

మర్నాడు మార్కెట్టు నుంచి వస్తుంటే బెల్టు కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఇంజన్ వేడెక్కి ఆవిర్లు కక్కి, మళ్ళీ అదే రోడ్డులో బండి ఆగింది. నందిత ఫోనులోనే పిలిపించిన టాక్సీ ఎక్కి పట్టమ్మాళ్ వెళ్ళిపోయింది. వెనక సీట్లో ఆమె సంచిలోంచి జారిన నూలుండ మిగిలింది.

ఇంజన్ చల్లారాక ముకుందన్ బెల్టు విప్పి, ఆ నూలునే ఒక తీగ ముక్కతో తోసుకుంటూ పుల్లీల చుట్టూ తిప్పాడు. ఆమె తుంచిచ్చిన దారం ఇంకా జేబులోనే ఉంది. రెండింటినీ పక్కపక్కన పట్టుకుని చూశాడు. సరిగ్గా నాలుగు వేళ్ళ తేడా. ఇంజనుకు కూడా కొసరు వేసింది ఆ మహాతల్లి. రోడ్డు పక్కన ఒక్కడే నిలబడి నవ్వుకున్నాడు.

బస్సెక్కి అంగడికి పోయి బెల్టు మార్చుకొచ్చాడు. ఈసారి చక్కగా పట్టింది. సాయంత్రం బండిని పట్టమ్మాళ్ గుమ్మం ముందు ఆపేటప్పటికి, చెప్పాల్సిన మాట నోట్లో సిద్ధంగా ఉంది.

నందితే ముందు అడిగింది. పాడయింది బండా, లేక బెల్టు కొలత తప్పా? కొలత తప్పయితే టాక్సీ మాట మానేస్తానంది. పాపం, న్యాయంగానే అడిగింది.

మొగ్గలు కడుతున్న పట్టమ్మాళ్ చేతులు ఆగాయి. “కొలిచింది నేనే గదరా,” అంది మెల్లగా.

నందిత చూపు అమ్మమ్మ కళ్ళ మీదికి పోయింది. ముకుందన్‌కు అంతా అర్థమయింది. అలవాటు కొద్దీ జరిగిందంటే ఆ పిల్ల నమ్మదు, కళ్ళు పోయాయనే అంటుంది. రేపటి నుంచి పూలబుట్ట అటక ఎక్కుతుంది. నిజం చెబితే పట్టమ్మాళ్ అతని బండిలో వస్తుంది గాని, వెళ్ళడానికి ఆమెకు మార్కెట్టే ఉండదు.

“నీ కొలతకేమక్కా, సరిగ్గానే ఉండాది. బండే ముసల్దయిపోయింది,” అన్నాడు. జేబులో రెండు దారాలనూ గుప్పిట్లో నలిపేశాడు.

ఉదయం టాక్సీ వచ్చి ఆమె గుమ్మం ముందు నిలబడింది. ముకుందన్ తన కారులోనే కూర్చుని ఉన్నాడు. అలవాటైన వేళకు ఇంట్లో ఉండలేకపోయాడు. పట్టమ్మాళ్ గోడ పట్టుకుని అతని దగ్గరికి నడిచి వచ్చింది. నిన్న కట్టిన పూలలోంచి ఒక మూర కొలిచి, నాలుగు వేళ్ళు కొసరు వేసి తుంచింది.

“బండికి పెట్టుకోరా. ముసల్దయితే మాత్రం ఏం,” అంది. “పోయొస్తా.”

పూలు అతని చేతిలో పెట్టి ఆమె టాక్సీ ఎక్కింది. టాక్సీ మలుపు తిరిగింది. పూలు అద్దానికి కట్టి ఇంజన్ స్టార్ట్ చేశాడు. బెల్టు చప్పుడు లేకుండా తిరుగుతోంది.

“పోయిరా అక్కా,” అన్నాడు. ఆ రోజు మొత్తానికి అతను తెలుగులో అన్న మాట అదొక్కటే.