సగం గడికి తక్కువైన మంటలు

ఇశ్రాయేలు పద్నాలుగేళ్లు మంటల లెక్క రాశాడు. ఒక్క మంటనూ కళ్లతో చూడలేదు. ఇందులో వింతేమీ లేదు. సర్కారు లెక్కలు చాలావరకు ఇలాగే తయారవుతాయి.

ఇల్లు గౌలిపురాలో. ఉద్యోగం గడ్డిభూముల లెక్కలు చూసే ఒక కచేరీలో, పటాలు దించే ట్రేసర్‌గా. నగరానికి దక్షిణాన, బార్కస్ దాటాక మొదలయ్యే ఆ గడ్డిభూములను అక్కడివాళ్లు కంచెలంటారు. ఏడాది పొడవునా ఎక్కడెక్కడ గడ్డి కాలిందో కంచె గార్డులు కాగితాల మీద గీసి పంపేవాళ్లు. జూన్‌లో ఇశ్రాయేలు వాటిని పటం మీదికి ఎర్ర సిరాతో దించి, పైన గళ్ల అద్దం పరిచి, గళ్లు లెక్కపెట్టేవాడు. గడికి పదెకరాలు. సగమో ఆపైనో ఎర్రబడితే పూర్తి గడి. సగానికి తక్కువైతే లేనట్టే. 1968లో ఉద్యోగంలో చేరిన రోజు నేర్పిన నియమం అది. అతను దాన్ని ఏనాడూ తప్పలేదు. కచేరీలో అతన్ని 'తరాజు', అంటే త్రాసు, అని పిలిచేవాళ్లు. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వమే.

1982 జనవరిలో వైకుంఠం అనే కొత్త అధికారి వచ్చాడు. వచ్చీ రాగానే పద్నాలుగేళ్ల లెక్కను ఒకే గ్రాఫుగా గీయమన్నాడు. ఇశ్రాయేలు గీశాడు. 1974 దాకా గీత దాదాపు నేలకు అంటుకుని పాకింది. ఆ తర్వాత మూడు చోట్ల నిటారుగా లేచింది. గడ్డి కోసేవాళ్లు చలికాలంలో కంచెకు నిప్పు పెట్టకూడదని సర్కారు నిషేధించింది 1975లోనే.

"చూసినవా ఇశ్రాయేలూ," అన్నాడు వైకుంఠం. "మనం బంద్ చెయ్యమన్నం, వీళ్లు కోపంతోని పెద్దగ అంటిస్తున్నరు. ఇంతకంటే ప్రూఫ్ ఏం కావాలె. వానలు పడ్డంక గడ్డి కోసుకునే కొత్త పాసులు ఎవ్వరికీ ఇచ్చేది లేదు."

ఆ పాసుల్లో ఒకటి ఆగమ్మది. ఇశ్రాయేలు ఇంటికి రెండిళ్ల అవతల ఉంటుంది. ఇరవై ఏళ్లుగా కంచెలో గడ్డి కోసి, మోపు నెత్తిన పెట్టుకొచ్చి గౌలిపురా బర్రెల కొట్టాలకు అమ్ముతుంది. ఆమెకు వేరే బతుకుదెరువు లేదు. కబురు చెవిన పడ్డ ఆదివారమే, ఇశ్రాయేలు చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా ఆమె గడపలో నిలబడింది.

"తమ్మీ, మా పాసులు కొట్టేసే గీత నువ్వే గీసినవట గదా."

"నేను గీసింది మంటల గీత అక్కా. పాసుల సంగతి సార్‌ది."

"మంచిది. మరి మేము అంటించినయి ఏవి అండ్ల? ప్రతి కార్తీకం పొద్దూకంగ, కోసిన జాగల జర జర అంటించేటోళ్లం. మంచు పడంగనే అదే ఆరిపోయేది. ఎండాకాలం ఎవడన్న బీడీ ముక్క పడేస్తే, మంట ఆ నల్లజాగ దాక వచ్చి ఆగేది. మీ సర్కారు వద్దన్నది, మేము బంద్ చేసినం. ఇప్పుడు అంటుకున్నదంటే కంచె కొస దాక పోతది."

"ఏడాదికి ఎన్ని అంటించేటోళ్లు?"

"యాభయ్యో, అరవయ్యో. నేనేమన్న తరాజునా?"

మర్నాడు అతను బీరువా తెరిచి 1970 నాటి పటం తీశాడు. దాని నిండా తట్టు పోసినట్టు ఎర్రచుక్కలు. తన చేత్తో దించినవే. ఒక్కోటి రెండెకరాలు, మూడెకరాలు. ఒక్కటీ సగం గడికి చేరలేదు. కనుక ఒక్కటీ లెక్కలోకి రాలేదు.

ఇక్కడ అంతరాత్మ మేల్కొన్నదని రాయడం ఆనవాయితీ. మేల్కోలేదు. తొమ్మిది రోజులు అతను ఆ బీరువా వైపు మళ్లీ చూడలేదు. నియమం తప్పని మనిషి, నియమం వల్లే లెక్క తప్పిందని ఒప్పుకుంటే ఇక మిగిలేదేమిటి? తరాజు అన్న పేరు పోతుంది, అంతే కదా అని మనం అనుకోవచ్చు. అతనికున్నది ఆ పేరొక్కటే.

పదో రోజు పొద్దున అతను బయటికి వచ్చేసరికి, ఆగమ్మ తన గడపలో కూర్చుని కొడవలికి సాన పెడుతోంది. వానలు పడ్డాక పని లేకుండా పోయే కొడవలి. ఆ రోజు భోజనాల వేళ అతను గడికి ఎకరం చొప్పున కొత్త గళ్లు గీసుకుని, పాత పటాలన్నీ మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మూడు వారాలు పట్టింది. నిషేధానికి ముందు ఏడేళ్లలో కాలింది నలభై ఎకరాలని తను రాశాడు. అసలు కాలింది పదమూడు వందల ముప్ఫై. నిషేధం తర్వాతి ఏడేళ్లలో, మూడు పెద్ద మంటల్లో, పదమూడు వందలు. కాలిన నేల పెరగలేదు. ముందు కొంచెం కొంచెంగా ఏటా కాలేది, ఇప్పుడు రెండేళ్లకో మూడేళ్లకో ఒక్కసారిగా కాలుతోంది.

ఆ సంగతి రాసి వైకుంఠం ముందు పెట్టాడు.

"నువ్వు రూల్ తప్పలేదు గదా. మరి తప్పు జరిగిందని ఎందుకు రాసినవ్?"

"రూల్ తప్పలేదు సార్. లెక్క తప్పింది."

"ఇది పైకి పోతే ఫస్ట్ నిన్నే అడుగుతరు, పద్నాలుగేండ్లు ఏం చేసినవని."

"గళ్లు లెక్కపెట్టిన సార్. గదే చెప్త."

వైకుంఠం చెడ్డవాడు కాదు. తన గ్రాఫు మీద తనకు మోజు, అంతే. కాగితాన్ని రెండు రోజులు దగ్గర పెట్టుకుని పైకి పంపాడు. అన్నట్టుగానే సంజాయిషీ అడిగారు. మంటల పటాలు ఇశ్రాయేలు చేతిలోంచి తీసి సోమయ్య అనే మరో ట్రేసర్‌కు ఇచ్చారు. ఇతన్ని హద్దుల పటాలు నకలు తీసే బల్లకు మార్చారు. తరాజు అన్న పిలుపు దానంతటదే ఆగిపోయింది. పాసులు మాత్రం ఆగలేదు. పైగా ఒక్క కంచెలో, గార్డు ఎదుట, కార్తీకంలో అంటించి చూడమని ఉత్తర్వు వచ్చింది.

కార్తీకంలో మొదటి మంట పెట్టిన సాయంత్రం ఆగమ్మ అతన్ని వెంటబెట్టుకుపోయింది. మంట మోకాలెత్తు కూడా లేదు. కోసిన మొదళ్లను చిటపటమని కొరుకుతూ నింపాదిగా నడిచి, గడ్డి చెమ్మబడ్డ చోట పొగ కక్కి ఆగింది. ఇశ్రాయేలు కాలిన చోటు చుట్టూ అడుగులు కొలిచాడు.

"రెండెకరాల పైన అక్కా."

"రాస్తరా దీన్ని?"

"ఇప్పుడు ఆ బల్ల నాది కాదు."

"బల్ల ఎవరిదైతేంది తమ్మీ. రాస్తరా, రాయరా?"

మరుసటి జూన్‌లో సోమయ్య బల్ల దగ్గరికి వెళ్లి చూశాడు. పటం మీద ఎకరం గళ్లు ఉన్నాయి. ఆ సాయంత్రం నేరుగా ఆగమ్మ గడపకు పోయి చెప్పాడు.

"రాసిండ్రక్కా. పద్దెనిమిది మంటలు."

ఆగమ్మ మోపు కట్టే తాడు ముడి విప్పుతోంది. తల ఎత్తలేదు.

"పందొమ్మిది," అంది. "మీ గార్డు వాగు పక్కది మర్చిండు."