మూడు దేశాలు తిరిగిన నత్త

లారీ ఎక్కితే వాన్నెస్‌కి తాను నడుపుతున్నట్టు ఉండదు. పొగమంచు తనని మెల్లగా మోసుకుపోతున్నట్టు ఉంటుంది. బట్టల మిల్లు మూతపడ్డాక రెండేళ్లు పని లేక ఇంట్లో కిటికీ దగ్గర కూర్చున్న మనిషి. యాభై ఎనిమిదో ఏట పిలిచి పని ఇచ్చినవాడు సెల్‌ఫోన్ల వ్యాపారి ఘిస్లాన్. సెల్‌ఫోన్ల అట్టపెట్టెలు తమ రేవు యాంట్‌వెర్ప్ నుంచి పక్క దేశం లక్సెంబర్గ్‌కి చేర్చాలి. ఇంకో దేశపు రేవు రాటర్‌డామ్ వెళ్లి కొత్త సరుకు తేవాలి. అంతే పని.

ఒక వానరోజు, ఎక్కించిన పెట్టె అంచున పసుపు చారల నత్త కనబడింది. గుల్ల ఓ పక్క చిట్లి ఉంది.

"టికెట్ కొన్నావా నువ్వు?" అని నవ్వి తలుపు మూశాడు.

లక్సెంబర్గ్‌లో సరుకంతా దించేశాడు. తర్వాతి వారం రాటర్‌డామ్ నుంచి తెచ్చిన కొత్త సరుకులో అదే పెట్టె, అదే చిట్లిన గుల్ల. నత్త గుల్ల మూతి బిగించుకుని నిద్రపోతోంది.

అడిగితే ఘిస్లాన్ దాచలేదు. పైగా మురిసిపోయాడు.

"సరుకు గుండ్రంగా తిరుగుతుంది పెద్దాయనా! ఇక్కడ ఒక కంపెనీ సరుకు అమ్మి, కొన్నవాడి దగ్గర పన్ను వసూలు చేసి, సర్కారుకి కట్టకుండా మాయమైపోతుంది. అది కొని సరిహద్దు దాటించిన కంపెనీ, నేను కట్టిన పన్ను వెనక్కివ్వండి అని సర్కారుని అడుగుతుంది. ఇచ్చేస్తారు. రెండు కంపెనీలూ మనవాళ్లవే."

"ఖజానాకి చేరని పన్ను వెనక్కిస్తారా?"

"అదేగా అందం! ఎగుమతులు పెరిగాయని రేడియోలో మురిసిపోతున్నారు, విన్నావా? అందులో సగం నీ చక్రాలే. మాట్లాడకుండా నడుపు. ఈ వయసులో నిన్ను ఇంకెవడు పిలుస్తాడు?"

వాన్నెస్ నత్తని జేబులో వేసుకుని ఇంటికెళ్లాడు. భార్య లీవ ఊరి ఈతకొలనులో ముసలివాళ్లకి ఈత నేర్పుతుంది. డబ్బు లేదని మునిసిపాలిటీ ఆ కొలనుని వసంతంలో మూసేస్తోంది. అతను చెప్పిందంతా వింటూ ఆమె నత్తని తడి సాసర్‌లో పెట్టింది. చాలాసేపటికి రెండు కొమ్ములు, కలలోంచి వచ్చినట్టు, బయటికొచ్చాయి.

"అయితే మా కొలనులో నీళ్లు అటే పోతున్నాయన్నమాట," అంది లీవ.

"నోరు విప్పితే నేను మళ్లీ కిటికీ దగ్గరే."

"కూర్చో. కాఫీ నేనిస్తాను. కానీ అక్కడ కూర్చుని మొహం వేలాడేశావో, నిన్నూ కొలనులోకి తోస్తా."

సోమవారం మళ్లీ అవే పెట్టెలు ఎక్కించారు. పొగమంచులో రోడ్డు రెండుగా చీలే చోట, వాన్నెస్ మొదటిసారిగా లారీని తానే నడుపుతున్నానని గుర్తించాడు. లక్సెంబర్గ్ దారి వదిలి, రేవులోని కస్టమ్స్ ఆవరణలోకి తిప్పాడు.

నిద్రమొహంతో ఒక అధికారిణి వచ్చింది.

"ఏం తెచ్చారు?"

వాన్నెస్ వెనక తలుపు తెరిచాడు. పెట్టె అంచున నత్త అతుక్కున్న చోట సన్నటి వెండి చార ఇంకా మెరుస్తోంది.

"పోయినసారి పట్టుకెళ్లిందేనమ్మా," అన్నాడు.