మూడో దినం, మొదటి కొవ్వొత్తి

చీకటి విడవకముందే సమాధుల తోట గేటు దగ్గర యేసుమణి కాళ్ళు ఆగిపోయాయి. వెలిగండ్ల పక్క పల్లెలో మిరపకోతలకు పోయే ఆమె పాముకైనా జంకదు. సమాధులంటే మాత్రం చిన్నప్పటి నుంచీ పై ప్రాణాలు పైనే పోతాయి. కానీ ఆ ఊరి సంఘంలో ఒక ఆచారం ఉంది. ఆ ఏడు కొత్తగా కట్టిన సమాధి ఎవరిదో, ఆ ఇంటి ఆడమనిషే ఈస్టరునాడు అందరికంటే ముందు ఒంటరిగా లోపలికి పోయి మొదటి కొవ్వొత్తి వెలిగించాలి. ఈ ఏడు ఆ సమాధి ఆమె భర్త యోబుది.

"సోమవారం పొద్దెక్కినాక పెట్టుకోగూడదా, పాస్టరమ్మా?" అంది.

"ప్రభువు శుక్రవారం పోయినాడు. శనివారం విశ్రాంతిదినం, ఎవురూ కదలగూడదు. ఆదివారం తెల్లారకముందే ఆడోళ్ళు సమాధి కాడికి పోయినారు. చూస్తే ఖాళీ, ప్రభువు తిరిగి లేచినాడు. అందుకే ఆదివారం, పెద్దమ్మా," అంది పాస్టరు భార్య ప్రశాంతి.

"శుక్రవారం నుంచి ఆదివారానికి రెండు రోజులే గదా. మూడో దినం అంటారేంది?"

"పెదనాయన పోయింది శుక్రవారమే. మూడో దినం ప్రార్థన కూటం ఎప్పుడు పెట్టినాము?"

యేసుమణి వేళ్ళు మడిచింది. పోయిన రోజుతో కలిపి, ఆదివారమే.

"ఆ ఆడోళ్ళకు భయం కాలేదా?"

"ఒణికిపోయినారు. బైబిల్లోనే రాసుంది."

యేసుమణి కొంగు నడుముకు దోపి లోపలికి నడిచింది. మూడు అగ్గిపుల్లలు ఆరిపోయాయి. నాలుగోదానికి కొవ్వొత్తి అంటుకుంది. ఆ వెలుగులో ఆమె మొట్టమొదట చూసింది, యోబు సమాధి మూసే ఉందా అని.

మూసే ఉంది. గుండె కుదుటపడింది. ఆ వెంటనే ఏడుపు ముంచుకొచ్చింది.