యుద్ధం వస్తే తెరిచే తలుపు

మొన్న ఆదివారం మామిడికుదురులో మా అక్కగారింట్లో భోజనాలయ్యాక, మేనల్లుడు తన ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. ఆకాశంలోంచి తీసిన ఫొటో. ఇసుక నేల మీద విమానాలు ఎండబెట్టిన చేపల్లా బారులు తీరి ఉన్నాయి. "ఇది అమెరికాలో అరిజోనా ఎడారండీ మావయ్యా. పాత యుద్ధవిమానాలు ఇక్కడ దాస్తారంట. ఇంగ్లండులో, ఫ్రాన్సులో, రష్యాలో కూడా ఉన్నాయంట ఇలాంటివి" అంటూ వేలితో జరుపుతున్నాడు. ఫ్యాను కింద ఊపిరాడనట్టయి లేచి అరుగు మీదకి వచ్చేశాను. వెనకనుంచి మా బావగారి నవ్వు వినిపించింది. ఆ నవ్వు నాకు కొత్త కాదు. ఏ పెళ్లిలో నలుగురు చేరినా, చివరికి వియ్యాలవారి ముందు కూడా, అలాగే నవ్వుతూ నా గల్ఫు కథ చెబుతారు. ఆయన చెప్పేది సగమే. మిగతా సగం లోపల ఉన్నవాడికే తెలుసు.

గల్ఫులో మేమిద్దరం ఒకే కాంట్రాక్టరు దగ్గర పనిచేశాం. ఆయన ముందు వెళ్లి తరవాత నన్ను రప్పించారు. ఆ ఉపకారాన్ని కూడా మరిచిపోనివ్వరు. ఊరికి దూరంగా ఎడారిలో ఒక రన్‌వే, దాని పక్కన అక్కడి సైన్యం పక్కనబెట్టిన విమానాలు. మన కోనసీమ గాలికి సైకిలు చైను తుప్పు పట్టకుండా ఒక్క వానాకాలం ఆగదు. అక్కడ గాలిలో తేమ లేదు కనక ఏదైనా పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. కొన్ని విమానాలను ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేవారు. కొన్నింటి భాగాలు ఊడదీసి వేరేవాటికి బిగించేవారు. మూడో రకానికే మర్యాదలెక్కువ. అవి అవసరమైతే మళ్లీ ఎగరాల్సినవి. వాటి ఇంధనమంతా తోడేసి, లోపల తేమ పీల్చే మందు సంచులు పేర్చి, కిటికీల మీద తెల్లటి పూత కొట్టి, తలుపు సందులన్నీ వెడల్పాటి టేపుతో మూసేయాలి. ఇలా మూసినదాన్ని మళ్లీ ఎప్పుడు తెరుస్తారని చేరిన కొత్తలో ఫోర్‌మన్ని అడిగాను. "యుద్ధం వస్తే" అన్నాడు. రాకపోతే అన్నాను. భుజాలెగరేసి వెళ్లిపోయాడు.

ఆ రోజు సైనికుల్ని మోసే పెద్ద విమానం వంతు. సంచులు పేర్చి దిగాక నా తువ్వాలు లోపలే మరిచిపోయానని గుర్తొచ్చింది. నేను నిచ్చెన ఎక్కుతుంటే బావగారు కింద నిలబడి నన్ను చూశారు. చూశారని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను. ఒక్క మాట అడగలేదు. తోక వైపు సంచుల మధ్య వెతుక్కుంటుండగా తలుపు మూసుకుంది. బయటినుంచి అడ్డకమ్మీ పడింది. టేపు చర్రుమంటూ తలుపు చుట్టూ తిరిగింది. చీకటైనా బాగుండేది. పూత పూసిన కిటికీల్లోంచి పాలిపోయిన వెలుగు, నా చేతులు నాకే శవం చేతుల్లా కనిపించాయి. "బావగారూ!" అని గొంతు చించుకున్నాను. బయట పక్క విమానానికి పూత కొట్టే యంత్రం మోత. పిడికిళ్లతో గుద్దితే గోడలకి వేసిన మెత్త నా దెబ్బల్ని మింగేసింది. వేడి పైకప్పునుంచి దిగసాగింది. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతోంది. నా ఒంట్లో నీళ్లు కూడా ఆ సంచులే తాగేస్తున్నాయనిపించింది. నిచ్చెన చక్రాలు దూరంగా దొర్లిపోవడం విన్నాను. అప్పుడు ఫోర్‌మన్ మాట తలకెక్కింది. నేను బయటపడాలంటే ఎక్కడో యుద్ధం రావాలి. మోకాళ్ల మీద కూలబడి, ఎవరి మీదకి ఎవరు వెళ్తారో కూడా ఆలోచించకుండా, రావాలని దండం పెట్టుకున్నాను.

తలుపు తెరిచి నన్ను రెక్క పట్టి ఈడ్చింది బావగారే. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఈ ముక్క ఆయన కథలో ఉండదు. నీళ్లు తాగి మాట వచ్చాక అడిగాను.

"నేనెక్కడం చూసేరు కదండీ?"

"ఆయ్, చూసేను. టేపు తెచ్చేలోగా దిగిపోయేవనుకున్నాను."

"ఎక్కడికిరా అని ఒక్క మాట అడిగితే నోరు పడిపోతుందా?"

"బయల్దేరినోణ్ణి ఎక్కడికని అడుగుతారేంట్రా? అపశకునం కాదూ!"

నిజమే, మా ఇళ్లల్లో గడప దాటేవాణ్ణి ఎవరూ ఆ మాట అడగరు. అంత దూరం పోయినా ఆ పట్టింపు మమ్మల్ని వదల్లేదు. పోనీ, నేనెలా గుర్తొచ్చానంటే దానికీ జవాబుంది ఆయన దగ్గర. "టీ తాగుతున్నాం. పంచదార చాల్లేదని ఎవడూ గొణగలేదు. ఇంత ప్రశాంతంగా ఉందేంట్రా అనుకున్నాను. అంతే, గుండె జారిపోయింది." ఆ టీలో పంచదార ఏనాడూ చాలేది కాదు. అది వేరే సంగతి.

మొన్న అరుగు మీద కూడా టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నారు. "ఎంతసేపురా, టీ తాగేంతసేపు. దానికి ఇన్నేళ్ల సాధింపా?" అన్నారు. లోపల టీవీలో ఏదో దేశం మీద ఇంకో దేశం బాంబులు వేసిందని చెబుతున్నారు. అలాంటి వార్త వస్తే అందరూ దేశం పేరు వింటారు. నాకు తలుపు మీది టేపు చింపుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆనాడు నేను దండం పెట్టి అడిగిన యుద్ధం దారిలో ఆలస్యమై ఇప్పుడు వచ్చిందేమో అనిపిస్తుంది. బావగారి గ్లాసు ఎప్పుడో ఖాళీ అయిపోయింది. ఆయన టీ తాగిన ఆ కాస్త సమయం నాకు మాత్రం ఇంకా గడవడం లేదు.