సాక్ష్యం చెప్పిన తరువాత

మా పాప కుప్పంలో, నేను పుట్టింట్లో ఉండగా పుట్టింది. బొద్దు పిల్ల. తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కుంది. ఎలాగోలా తీసి ప్రాణం నిలబెట్టారు గానీ, మెడ దగ్గర నరాలు సాగి కుడిచెయ్యి గుడ్డపీలికలా వేలాడింది. ఏడో నెలలో ఆ చేత్తోనే బిస్కెట్టు నోటిదాకా తెచ్చుకున్న రోజు ఇల్లంతా గంతులేశాను. అసలు చిక్కు తరువాత మొదలైంది. చెయ్యి ముడిచే బలం వచ్చింది, చాచే బలం అంతగా రాలేదు. మోచెయ్యి వంగినట్టే బిగుసుకుపోకుండా పడుకునేటప్పుడు ప్లాస్టిక్ పట్టీ కట్టమని మదనపల్లెలో ఫిజియోథెరపీ మేడం చెప్పింది.

మూడేళ్లు వచ్చేవరకూ కట్టాను. ఏడ్చినా కట్టాను. అందులో నేను గట్టిదాన్నే. నా నోరే నన్ను ముంచింది.

పుంగనూరులో మా చర్చిలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలు చెబుతారు. దేవుడు చేసిన మేలును లేచి నిలబడి అందరి ముందూ చెప్పుకోవాలి. ఒక ఆదివారం పాప రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. నాకు ఆనందం పట్టలేదు. లేచి, "నా బిడ్డ చెయ్యి పూర్తిగా బాగైంది" అనేశాను. ఆ 'పూర్తిగా' ఎక్కడి నుంచి ఊడిపడిందో! అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరమ్మ పాపను ఎత్తుకుని ముద్దులాడింది.

ఆ సాయంత్రం పట్టీ తీసుకొస్తుంటే మా అత్త అడ్డుపడింది.

"సాక్ష్యం చెప్పినాక మళ్లా అది యాల? ఎవురన్నా సూస్తే మనకు విశ్వాసం లేదనుకోరా?"

తప్పంతా ఆమె మీదికి నెట్టను. పాప ఏడుపు లేకుండా పడుకుంటుందంటే నాకూ హాయిగానే అనిపించింది. పట్టీ బీరువాలోకి పోయింది. మదనపల్లెకు పోవడమూ మానేశాను. అలా నాలుగు నెలలు గడిచాయి.

ఒక శనివారం పొడుగు చేతుల గౌను తొడుగుతున్నాను. కుడిచెయ్యి సగంలో ఆగిపోయింది.

"చెయ్యి చాపు తల్లీ."

"చాపినానమ్మా."

అది నిజంగానే చాచింది. అంతవరకే వస్తోంది. నాకు మతిపోయి గట్టిగా లాగాను. కెవ్వుమంది.

సోమవారం బీరువాలోని పట్టీ సంచిలో వేసుకుని మొదటి బస్సుకు పోయాం. మదనపల్లె వచ్చేదాకా ఆ మోచేతినే చూస్తూ కూర్చున్నాను. మేడం కోణం కొలిచే స్కేలు పెట్టింది. మళ్లీ పెట్టింది. మూడోసారీ పెట్టింది.

"పట్టీ కడతాండారా?"

"కడతాండాం మేడం."

నా సంచిలోని పట్టీ తీసి పాప చేతికి పెట్టి చూసింది. సరిపోలేదు. "దినామూ కడతా ఉంటే ఇది పట్టాల గదమ్మా" అంది. నేను భోరుమని ఏడ్చి ఉన్నదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"ప్రార్థన సేసుకోమ్మా, యాల వద్దంటాను? పట్టీ కట్టి సేసుకో" అంది. తిట్టినా బాగుండేది.

ఇక వారం వారం పిండికట్టు మారుస్తూ మోచేతిని కొంచెం కొంచెంగా చాపించాలట. ఎంత వస్తే అంతే. రాకపోతే జన్మంతా వంగే ఉంటుంది. ఇంట్లో ఎవరూ లాగకూడదని నా వైపు చూసి మరీ చెప్పింది.

ఆ ఆదివారం పాప పిండికట్టుతోనే చర్చికి వచ్చింది. గేటు దగ్గర అడిగినవాళ్లకల్లా మా అత్త "మంచం మీద్నించి పడింది" అని చెప్పింది. నేనూ సిగ్గులేకుండా తలూపాను.

పాటల మధ్య చౌడేపల్లె నుంచి వచ్చిన ఒక పిల్ల నా పక్కన కూర్చుంది. ఒళ్లో ఆరు నెలల మగబిడ్డ. వాడి ఎడమచెయ్యి వేలాడుతున్న తీరు చూడగానే నాకు తెలిసిపోయింది.

"అక్కా, పుట్టేటప్పుడు వీనికీ నరాలు దెబ్బతిన్న్యాయి. మీ సాక్ష్యం ఇన్నాక మేమూ ఆస్పత్రికి పోయేది మానుకున్న్యాం. పాపకు బాగైనట్టే వీనికీ అయితాదని."

సాక్ష్యాల సమయం రాగానే లేచాను. అత్త నా కొంగు పట్టుకుని "కూసో" అంది. కూర్చోలేదు.

"పాప పడలేదు. దాని చెయ్యి పూర్తిగా బాగు కాలేదు. ఆపొద్దు లేనిది సెప్పినా. పరువు పోతాదని పట్టీ తీసేసినా. ఇప్పుడు మోచెయ్యి సాగడంల్యా."

స్తోత్రం అనే గొంతు ఒక్కటీ లేదు. పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు. ఆ పిల్ల బిడ్డను ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది. నేనూ వెనకాలే పరుగెత్తాను. ముఖాన ఉమ్మినా పడదామనుకున్నాను.

"ఇప్పుడు పోతే వీని చెయ్యి వస్తాదా అక్కా?" అని అడిగింది.

వస్తుందని అనబోయి ఆగాను. "తెలీదమ్మా. రేపు పొద్దున్నే బస్టాండుకు రా, ఇద్దరం పోదాం" అన్నాను.

ఆమె నన్ను నమ్మాలో వద్దో తేల్చుకోలేనట్టు చూసింది. తరువాత తన తాళాల గుత్తిని బిడ్డ ఎడమచేతి ముందు ఆడించింది. వాడు నవ్వి, కుడిచేత్తో అందుకున్నాడు.