గుడ్లూ కత్తెరా

కటింగ్ మాస్టారి కత్తెరను ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. కాగితం కత్తిరించిందని ఒకసారి కూతురితో వారం రోజులు మాట్లాడలేదు, అంత పట్టింపు మనిషి. అలాంటివాడి చేతికే వణుకు వచ్చింది. డాక్టరమ్మ పార్కిన్సన్స్ అని చెప్పి మాత్రలు రాసింది.

మాస్టారి భార్య జబ్బు పేరు పట్టించుకోలేదు. ఆమె దృష్టిలో జబ్బులన్నింటికీ ఒకటే పేరు, నీరసం. ఖాళీ కడుపున వేస్తే పేగులు మాడతాయని, ఉడికించిన గుడ్లు తినిపించి, గ్లాసుడు పాలతో మాత్ర మింగించేది. చెయ్యి బిగుసుకున్నకొద్దీ గుడ్లు పెరిగాయి.

"ఒసేయ్, ఇంకో గుడ్డు పెట్టావంటే రేపట్నించి నేనే కూస్తాను" అనేవాడు మాస్టారు.

"కూద్దురుగాని, ముందు తినండి."

టైలరింగ్ షాపులో కత్తెర సగంలో ఆగిపోయి ఒక ఖరీదైన కోటు గుడ్డ పాడైంది. ఓనరు మర్యాదస్తుడు, కేకలెయ్యలేదు. "సోమవారం కోటు మీరే కత్తిరించండి మాస్టారూ. కుదరకపోతే కౌంటర్లో కూర్చుందురుగాని" అన్నాడు. మాస్టారికి అంతకన్నా తిట్టు లేదు.

తీరా సోమవారం ఆవిడకు ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆయన మంచినీళ్లతో మాత్ర వేసుకుని, ఏమీ తినకుండానే వెళ్లిపోయాడు. ఉత్త కడుపుతో పంపానే, ఇవాళ చెయ్యేం ఆడుతుందని ఆమె మంచంలో ఏడ్చింది.

మధ్యాహ్నం ఆయన గుమ్మంలోంచే, "గీత మీదే పోయిందే కత్తెర!" అన్నాడు.

జ్వరం తగ్గాక ఇద్దరూ వెళ్లి చెబితే డాక్టరమ్మ విని తల పట్టుకుంది. "గుడ్లూ పాలూ అరిగితే అమైనో ఆమ్లాలవుతాయమ్మా. అవీ, ఈ మందూ ఒకే గుమ్మంలోంచి లోపలికెళ్లాలి. అవి తోసుకుపోతే మందు బయటే నిలబడిపోతుంది. అలాగని గుడ్లు మానిపించకండి, కండ కరిగిపోతుంది. మాత్ర తిండికి ముందు నీళ్లతో వెయ్యండి. గుడ్లు, పాలు, పప్పు రాత్రి భోజనంలోకి మార్చండి."

"అయితే ఇన్నాళ్లూ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది నేనా?" అంది ఆవిడ.

ఇప్పుడు పొద్దుటి పూట పండూ బ్రెడ్డూ. షాపులో చెయ్యి బాగానే ఆడుతోంది. రాత్రి గుడ్లు తిన్నాక మాత్రం వేళ్లు మొరాయిస్తాయి. మొదటిరోజు రాత్రి కత్తెరను గుడ్డలో చుట్టబోయి చాలాసేపు అవస్థపడ్డాడు. ఆవిడ చూడనట్టు గిన్నెలు సర్దుతోంది. చివరికి కత్తెరను ఆవిడ వైపు జరిపాడు.

"నువ్వు చుట్టు. పొద్దున్న నాకు కావాలి."

ఇన్నేళ్ల కాపురంలో ఆమె దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. చేతులు చీరకి రెండుసార్లు తుడుచుకుని అందుకుంది.